రాజన్న రిహార్సళ్ళు

మా మదనపల్లె శాలేము రాజన్నకు ఒకటే జబ్బు. ముందు ఒకసారి రిహార్సల్ చేసి చూడనిదే ఏ పనిలోనూ చేయి పెట్టేవాడు కాదు. ఆదివారం గుడికి వెళ్ళాలంటే శనివారం సాయంత్రం గుడి దాకా నడిచి, మూసి ఉన్న తలుపుకు దండం పెట్టి తిరిగి వచ్చేవాడు. క్షవరం చేయించుకోబోయే ముందు రోజు అద్దం ముందు కూర్చుని తలను ఎడమకూ కుడికీ వంచి చూసుకునేవాడు. భార్య రోజక్క మీద కోపమొస్తే, తిన్నగా మా రేడియో రిపేరు అంగడికి వచ్చి ముందు నా మీద అరిచి చూసుకునేవాడు. నా మీద అరవడంతోనే కోపం కాస్తా ఖర్చయిపోయేది. అందువల్ల ఆ ఇంట్లో గొడవ జరిగినట్టు ఎవరూ వినలేదు. నా చెవులు మాత్రం చాలా విన్నాయి.

ఆయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఏటా క్రిస్మస్‌కు గుడిలో నాటకం వేయించేది కూడా ఆయనే. ఆ నాటకాల రిహార్సలే మెల్లగా స్టేజీ దిగి, ఇంట్లో దూరి, వీధిన పడిందని నా అనుమానం. ఎందుకన్నా ఈ పిచ్చి అంటే, "నిజం ఒక్క తూరే వస్తాదప్పా ముద్దుకిష్టా. దాని ఎదురుగా తయారు లేకుండా నిలబడితే మర్యాదేనా?" అనేవాడు.

చిత్రమేమిటంటే, ఇంత రిహార్సల్ పిచ్చి ఉన్న మనిషి పదిమంది ముందు చేసిన రిహార్సల్ ఒక్కటైనా సరిగ్గా జరిగి ఎరగదు. ఆసుపత్రిలో ఏ పిల్లో మాత్ర మింగనని మొండికేస్తే ఈయన పిప్పరమెంటు బిళ్ళ తీసి, "ఇట్ల సూడు నాయనా, నాలుక మీద పెట్టల్ల, నీళ్ళు పొయ్యల్ల, గుటుక్కుమనల్ల" అని మింగి చూపించేవాడు. బిళ్ళ గొంతుకు అడ్డం పడేది. నీళ్ళు ముక్కులోంచి వచ్చేవి. కళ్ళు తేలేసేవాడు. పిల్ల కిలకిలా నవ్వేది. ఆ నవ్వే నోట్లో మాత్ర పడిపోయేది.

"రాజన్నా, ఇన్నేండ్లుగా మాత్రలిస్తా ఉండావు, నీకే మింగేది రాదే!" అనేది నర్సు విక్టోరియా.

"నేను ఇచ్చేవాణ్ణి మేయ్, మింగేవాణ్ణి కాదు."

నా పెళ్ళికీ రిహార్సల్ తప్పలేదు. తొంభై మూడులో కురబలకోటలో నా పెళ్ళి. అమ్మాయి తరఫువాళ్ళు పత్రిక తీసుకుని మా అంగడికి వచ్చిన రోజే, వాళ్ళందరి ముందూ, "తాళి కట్టేటప్పుడు చేతులు వణుకుతాయప్పా, ఒకతూరి సూసుకుందాం" అని స్పీకరు వైరు ముక్క చేతికి తీసుకున్నాడు. పెళ్ళికూతురు స్థానంలో టేబుల్ ఫ్యాను. మొదటి ముడి పడింది. రెండో ముడిలో ఆయన చూపుడువేలు పడింది. మూడో ముడికి ఆ వేలు ఫ్యానుకు మొగుడైపోయింది. కటింగ్ ప్లయరుతో వైరు తెంచి విడిపించాను.

అసలు పెళ్ళిలో నా చేతులు నిజంగానే వణికాయి. దారం జారి పెళ్ళికూతురి ఒళ్ళో పడింది. మేళం ఆగలేదు గాని నా గుండె ఆగింది. ఇంతలో మా బావమరిది వెనక నుంచి, "బావా, ఏలు బద్రం! రాజన్న మాదిరి ముడేసుకునేవు!" అన్నాడు. పందిరంతా ఘొల్లుమంది. తలవంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు కూడా నవ్వింది. రెండోసారి నా చేతులు వణకలేదు. ఆ రోజు అందరూ రాజన్నను చూసి నవ్వారు. నేను కూడా నవ్వాను. అంతకు మించి ఆలోచించే తీరిక పెళ్ళికొడుక్కి ఎక్కడిది?

ఇక షారోన్ సంగతి. విక్టోరియా కూతురు. తెలివైన పిల్ల, మంచి మాటకారి. కానీ ఎవరైనా తనను చూసి నవ్వారంటే ఆ నోరు తాళం పడిపోయేది. బి.ఎడ్. చదివేటప్పుడు మొదటిసారి క్లాసు తీసుకుంటూ, బోర్డు చూపిస్తూ వెనక్కి నడిచి, బోర్డు ముందున్న గట్టు మీంచి కింద పడింది. పిల్లలు నవ్వారు. పిల్లలు మరి ఇంకేం చేస్తారు? ఈ పిల్ల లేచి, చీర దులుపుకుని, ఒక్క మాట మాట్లాడకుండా బయటికి వెళ్ళి సైకిలు స్టాండులో కూర్చుండిపోయింది.

అలాంటి పిల్ల రెండు వేల ఒకటిలో, చదువు పూర్తి కాగానే, జాంబియా పోతానంది. అక్కడ ఒక పల్లె బడిలో ఒక సంవత్సరం జీతం లేకుండా పాఠాలు చెప్పి రావడానికి చర్చి సంఘం వాళ్ళు ఒకరిని పంపుతారట. చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. "ఉద్యోగం సూసుకోకుండా, ఆ దేశం పోయి ఊరికే సదువు సెప్పొచ్చేదేమే?" అన్నారు.

ఒక రోజు టేప్ రికార్డరు బాగు చేయించుకుందామని వచ్చి షారోన్ నాతో చెప్పింది: "చిన్నప్పుడు మా హాస్టలుకు ఏదో దేశం నుంచి ఒక టీచరమ్మ వచ్చిందన్నా. ఆమెకు తెలుగు రాదు, మాకు ఇంగిలీషు రాదు. చింతగింజలు పెట్టి లెక్కలు సెప్పింది. ఒక్క సంవత్సరం ఉండి ఎళ్ళిపోయింది. ఇప్పటికీ కూడికలు సేస్తే ఆమె గుర్తొస్తాది. నేనూ ఎవురికో ఒకరికి అట్ల గుర్తుండల్ల."

"మరి పో తల్లీ. అడ్డమేముంది?"

"పెద్దోళ్ళ ముందర కుప్పంలో పాఠం సెప్పి సూపించల్లంట. ఆడ నోరు పడిపోతే ఇంకొకరిని పంపిస్తారు."

బల్ల కింద కూర్చుని వైర్లు చుట్టుకుంటున్న రాజన్న తల పైకెత్తాడు. తల బల్లకు తగిలింది. "అయితే రిహార్సల్ సేయల్ల!" అన్నాడు తల రుద్దుకుంటూ. అప్పటికే ఆయన రిటైరయి ఏడాది. చేతినిండా తీరిక. పాపం ఆ పిల్ల.

మొదటిది విమానాశ్రయం రిహార్సల్. మా అంగడి వాకిలికి నా చేత ఒక బజరు పెట్టించాడు. ఇనుము తగిలితే మోగుతుందన్నమాట. నిజానికి దాని స్విచ్చి నా కాలి కింద ఉంది. పాస్‌పోర్టుకు బదులు రేషన్ కార్డు పట్టుకుని, "ఇట్ల ధైర్యంగా పోవల్ల షారోనూ" అని ముందు తనే నడిచాడు. నొక్కాను. జేబులోంచి తాళాలు తీసి పెట్టాడు. మళ్ళీ నొక్కాను. గడియారం తీశాడు. ఇంకోసారి నొక్కాను. బెల్టు తీశాడు. ఆ తర్వాత నొక్కాల్సింది కాదు. రెండు చేతులూ పైకెత్తమని తనే రాసుకున్న రూలు ప్రకారం ఎత్తాడు. రేషన్ కార్డు చూసేదాకా ప్యాంటు ఆగలేదు, జారిపోయింది. ఎదురుగా పూలమ్మే పార్వతమ్మ, "రాజన్నా, ఆ దేశానికి ఇట్ల పోతే తిరిగి పంపించరప్పా, ఆడే పెట్టుకుంటారు!" అని అరిచింది.

రెండోది పుంగనూరు. అక్కడి గుడి వరండాలో ఆదివారం బడి పిల్లలుంటారు, వాళ్ళకు పాఠం చెప్పడం రిహార్సల్. బస్సులో పోతుండగా, "విమానంలో నడుముకు బెల్టు కట్టుకోవల్లమ్మా" అని నా టవలు తీసుకుని సీటు కమ్మీకి తనను తాను కట్టుకున్నాడు. పుంగనూరు వచ్చింది. మేమిద్దరం దిగాం. ముడి దిగనివ్వలేదు.

"దిగప్పో రాజన్నా! బస్సు పలమనేరు పోవల్ల!" అన్నాడు కండక్టరు గురప్ప.

"దిగతాండానప్పా! ముడి రాలేదు!"

"ఎవురు కట్టింది నిన్ను?"

"నేనే!"

"నువ్వు కట్టుకుంటే నేనెట్ల ఇప్పేది? రైట్ రైట్!"

బస్సు కదిలిపోయింది. కిటికీలోంచి రాజన్న చేయి ఊపుతూ, "మీరు మొదలు పెట్టండి!" అంటూ వెళ్ళిపోయాడు. చాలాసేపటికి ఎండలో చెమటలు కక్కుతూ, టవలు ఇంకా నడుముకే వేలాడుతుండగా నడుచుకుంటూ వచ్చాడు.

వచ్చిన వాడు ఊరుకోవచ్చు కదా. "ముందు నేను సెప్పి సూపిస్తా" అని చాక్‌పీసు అందుకున్నాడు. ఏడెనిమిదులు యాభై నాలుగు అని బోర్డు మీద రాశాడు. పిల్లలు గోల చేశారు. "ఏమప్పా తప్పు?" అని బోర్డు వైపే చూస్తూ, వెనక్కి ఒకడుగు వేసి, గట్టు మీంచి ధబీమని పడ్డాడు. అచ్చం షారోన్ పడినట్టే. వరండా అదిరిపోయింది.

షారోన్ మొహం ఎర్రబడింది. "నన్ను ఎగతాళి పట్టిస్తాండావా మామా?"

"అయ్యో లేదమ్మా, కాలు జారింది" అన్నాడు మోచేయి ఊదుకుంటూ.

తర్వాత షారోన్ లేచింది. దూరం, కాలం లెక్కలు. బాగానే మొదలుపెట్టింది. మధ్యలో ముందు వరసలోని రెండు జడల పిల్ల చేయెత్తి, "టీచర్, మీరెప్పుడు పడతారు?" అని అడిగింది. ఎంతో ఆశగా అడిగింది పాపం. అందరూ నవ్వారు. షారోన్ నోటికి తాళం పడింది. చాక్‌పీసు బల్ల మీద పెట్టి దిగిపోయింది.

తిరుగు బస్సెక్కాం. సీట్లో కూర్చోగానే ఆ పిల్ల అంది. "నేను పోను మామా. నా వల్ల కాదు. పేరు తీసేయమని సెప్పేస్తా."

"ఎందుకమ్మా? రిహార్సల్ ఉండేదే పాడయ్యేదానికి."

"కుప్పంలోనూ పాడైతే?"

రాజన్న నడుముకున్న టవలు సర్దుకున్నాడు. "అప్పుడు దాన్ని జాంబియాకు రిహార్సల్ అనుకుందాంలే" అన్నాడు. ఆ పిల్లకు నవ్వు రాలేదు. అయినా పేరు తీయించలేదు.

కుప్పంలో పాఠానికి ముందురోజు రామకుప్పం వైపు, ఏనుగులు చేలల్లో పడే ఒక పల్లెలో దిగాం. "ఆ దేశంలో ఏనుగులుంటాయంట, దానికి కూడా ఒకతూరి..." అని రాజన్న పట్టుబట్టాడు. అక్కడి రైతు కృష్ణప్ప ఒకప్పుడు ఆసుపత్రిలో రాజన్న చేతి మాత్రలు మింగినవాడు. రాగి చేను గట్టున మమ్మల్ని నిలబెట్టుకుని, సంగతంతా విని, తలగుడ్డ తీసి నెత్తి గోక్కున్నాడు.

"ఏనుగుకు రిహార్సలా? మాకు అది దినామూ నిజమే కదప్పా."

"డబ్బా కొట్టి తోలతారు కదా, అది ఈ పిల్లకు నేర్పించు."

"నేర్పించేదేముండాది? కొట్టల్ల, పరిగెత్తల్ల. రెండూ ఒకేసారి సేయల్ల."

రాజన్న వెంటనే డబ్బా అందుకుని వాయిస్తూ గట్టు మీద పరుగు తీశాడు. ఏనుగు రాలేదు. డబ్బా చప్పుడుకు బెదిరి గట్టు చాటు నుంచి ఒక బర్రె లేచింది. రాజన్న ఒక చెప్పు గట్టు మీద, రెండోది కాలువలో, తను నడుమ బురదలో. కృష్ణప్ప భార్య ఈశ్వరమ్మ బిందెలతో నీళ్ళు పోస్తూ, "ఏనుగు తొక్కినా ఇంత బురదవదు కదన్నా!" అంది. షారోన్ కడుపు పట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. మధ్యాహ్నం సంగటి ముద్దలు పెడుతూ ఈశ్వరమ్మ, "ఆడ ఏమి తింటారమ్మా?" అనడిగింది. మొక్కజొన్న పిండితో సంగటి లాంటిదే తింటారట అంది షారోన్. "అయితే ఇంకేం, మనోళ్ళే" అని ఈశ్వరమ్మ ఆ దేశాన్ని చుట్టరికంలో కలిపేసుకుంది.

కుప్పం బడిలో ఒక్కో బెంచీ మీద తెలుగు, తమిళం, కన్నడం పక్కపక్కన కూర్చుని ఉంటాయి. ఆ రోజు గోడవారగా కుర్చీల్లో ముగ్గురు పెద్దలు కూడా కూర్చున్నారు. ఒక పాస్టరుగారు, బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, రిటైరైన ఒక హెడ్మాస్టరు. రాజన్న, నేను వెనక పిల్లల బెంచీ మీద ఇరుక్కున్నాం. రాజన్న మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

షారోన్ బోర్డు దగ్గర నిలబడింది. దూరం అని రాసింది. కాలం అని రాయబోతే చాక్‌పీసు విరిగి, ముక్క ఎగిరి హెడ్మాస్టరుగారి ఒళ్ళో పడింది. ఎక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. వాడి పక్కవాడు, ఆ పక్కవాడు. షారోన్ పెదవులు బిగుసుకున్నాయి. హెడ్మాస్టరు ఒళ్ళోని ముక్కను వేలితో తీసి పక్కన పెట్టాడు. పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుంది. అయిపోయిందనుకున్నాను.

షారోన్ చూపు గది చివరికి వచ్చింది. అక్కడ చిన్న బెంచీ మీద ముడుచుకుని రాజన్న, ఆయన భుజం మీద నా టవలు. ఆ టవలు చూడగానే షారోన్ పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు!

"మాకు ఒక మామ ఉండాడు" అంది పిల్లలతో. "ఆయన బస్సులో తనను తానే సీటుకు కట్టేసుకున్నాడు."

పిల్లలంతా తలలెత్తారు. ఇలాంటి మాట పాఠం మధ్యలో ఏ పిల్లాడు వదులుకుంటాడు?

"దిగాల్సిన ఊరు వచ్చింది. ముడి ఊడి రాలేదు. బస్సు గంటకు ముప్పై కిలోమీటర్లు పోతాంది. ముడి ఇప్పేదానికి ఆరు నిమిషాలు పట్టింది. మామ ఎంత దూరం పోయింటాడు?"

"మూడు కిలోమీటర్లు టీచర్!"

"తిరిగి నడిచొచ్చేదానికి గంటకు నాలుగు కిలోమీటర్లు..."

"నలభై ఐదు నిమిషాలు!"

"ముడి రాకపోతే టీచర్?" అని వెనక నుంచి ఇంకొకడు.

"రాకపోతే పలమనేరు!" అంది షారోన్. పిల్లలు బెంచీలు చరిచారు. ఆ మామ ఎవరని అడిగితే వేలు పెట్టి చూపించింది. రాజన్న లేచి, టవలు నడుముకు చుట్టుకుని, నాటకం అయ్యాక నటుడు వంగినట్టు వంగాడు. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. పెద్దావిడ ఆపుకోనే లేదు. ఆ తర్వాత ఇంకో రెండు చాక్‌పీసులు విరిగాయి, ఒకసారి షారోన్ కాలు మూలనున్న చెత్త బకెట్‌కు తగిలింది. ఎవరు నవ్వినా, షారోన్ కూడా వాళ్ళతో కలిసి నవ్వి, లెక్క ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మొదలుపెట్టింది. జాంబియా సీటు ఆ పిల్లదే.

తిరిగి వస్తుంటే నాకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పిప్పరమెంటు బిళ్ళ. స్పీకరు వైరు. గట్టు మీంచి పడిన పడడం. మేం చేయబోయే తప్పులన్నీ ఆయన ముందే, మాకంటే ఘోరంగా, పదిమంది ఎదురుగా చేసి పెట్టేవాడు. ఇక మా వంతు వచ్చేసరికి నవ్వడానికి అక్కడ రాజన్న ఉండేవాడు.

"అన్నా" అన్నాను, "ఆ టవలు ముడి నిజంగానే పడిందా?"

"పడకుండా? ఎంత గట్టి ముడనుకున్నావు!"

"పెళ్ళి వైరు?"

"ఏలు వాచిపోయిండె కదప్పా నాకు!"

"గట్టు మీంచి పడింది?"

"గమ్మునుండు ముద్దుకిష్టా. నిద్ర వస్తాంది" అని కళ్ళు మూసుకున్నాడు. అది కూడా రిహార్సలే అనిపించింది.

షారోన్ బయల్దేరే ముందు రోజు మదనపల్లె బస్టాండులో వీడ్కోలు రిహార్సల్ పెట్టాడు. విక్టోరియాను, షారోన్‌ను, నన్ను వరసగా నిలబెట్టి, "ఇప్పుడు అందరూ ఏడవల్ల. ముందు నేను సూపిస్తా" అని మొదలెట్టాడు. ఏడుపంటే మామూలు ఏడుపు కాదు. "యాడికి పోతాండావు తల్లీ!" అని స్తంభాన్ని కౌగిలించుకున్నాడు. ముక్కు చీది చీది నా టవలు తడిపేశాడు. జనం మూగారు. ఎవరో సోడా తెచ్చారు. గురప్ప బస్సు దిగి పరిగెత్తుకొచ్చి, "ఎవురప్పా పోయింది?" అని నన్ను అడిగాడు.

"ఎవురూ పోలేదన్నా. రేపు పోతుంది."

"రేపా?" గురప్ప మొహం చూడాల్సింది.

మరుసటి రోజు పొద్దున అసలు బెంగళూరు బస్సు వచ్చింది. పెట్టె పైకెక్కింది. విక్టోరియా కూతురి చేయి పట్టుకుంది, వదల్లేదు. కళ్ళు నిండాయి. ఆ పక్కనే నిన్నటి సోడా అతను మళ్ళీ ఒక సోడా పట్టుకుని, రాజన్న వైపు జాగ్రత్తగా చూస్తూ సిద్ధంగా నిలబడ్డాడు. విక్టోరియా అది చూసింది. రాజన్న బుద్ధిగా చేతులు కట్టుకుని, "నాది నిన్ననే అయిపోయిందమ్మా" అన్నాడు. తల్లీ కూతురూ ఒకరినొకరు పట్టుకుని పడి పడి నవ్వారు. ఆ నవ్వుతోనే పిల్ల బస్సెక్కింది. కిటికీలోంచి టవలు ముడి వేస్తున్నట్టు సైగ చేసింది. బస్సు మలుపు తిరిగింది.

విక్టోరియా డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను అంగడి తెరుద్దామని రెండడుగులు వేసి, రాజన్న రాలేదని వెనక్కి చూశాను. ఆయన బస్టాండులోనే ఉన్నాడు. బెంగళూరు నుంచి వచ్చే బస్సు ఆగే చోట నిలబడి, ఖాళీ రోడ్డుకు చేయి ఊపుతున్నాడు. రెండడుగులు ముందుకు వేశాడు. లేని పెట్టెను అందుకున్నాడు. లేని పిల్ల తల మీద చేయి పెట్టాడు. "బాగుండావా తల్లీ? సంగటి బాగుణ్ణిందా?" అన్నాడు. పెట్టె జారలేదు. కాలు తడబడలేదు. మాట తప్పలేదు. అంత నిండైన రిహార్సల్ ఆయన చేయగా నేను ఎన్నడూ చూడలేదు.

"అన్నా, ఆ పిల్ల వచ్చేదానికి ఇంకా ఏడాదుంది" అన్నాను దగ్గరికి వెళ్ళి. "సరే, అది పోనీ. ఈసారి ఒక్క తప్పు కూడా చేయలేదే?"

"దీంట్లో ఎవురు బయపడతాండారప్పా, తప్పు సేసేదానికి?" అన్నాడు.

అనేశాక, నోరు జారిన సంగతి ఆయనకు తెలిసింది. నా మొహం చూశాడు. వెంటనే పక్కనున్న మెట్టు వెతుక్కుని, కాలు తప్పినట్టు తూలి, "అబ్బా!" అన్నాడు.

ఆ తూలడం మాత్రం ఏమీ బాగాలేదు. రిహార్సల్ లేకుండా చేశాడు కదా.